ముగ్గురం, నెలకు 1.75 లక్షలు, ఏడాది విదేశాల్లో: లెక్క ఎక్కడ తప్పుతుంది?

కొండాపూర్‌వాసి:
ముందుగానే ఉద్యోగ విరమణ తీసుకున్నాం. నేను, మా ఆవిడ, 11 ఏళ్ల పాప. జూన్ నుంచి వియత్నాం, థాయ్‌లాండ్, మలేషియా, అట్నుంచి అటే యూరప్. ఎస్‌డబ్ల్యూపీ (మ్యూచువల్ ఫండ్ నుంచి నెలనెలా తీసుకునే డబ్బు), ఫ్లాట్ అద్దె కలిపి నెలకు 1.75 లక్షలు దాటకూడదు. బసకు 60 వేలు, తిండికి 40 వేలు, టికెట్లకు 25 వేలు రాసుకున్నాను. మిగతాది ఎలా పంచాలి?

పద్దులపుస్తకం:
ముందు ఆ "అట్నుంచి అటే యూరప్" మార్చండి. షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మామూలుగా మీరు నివాసం ఉండే దేశంలోనే దరఖాస్తు పెట్టాలి. టూరిస్టుగా మలేషియాలో ఉంటూ పెడతామంటే సాధారణంగా తీసుకోరు. అంటే మధ్యలో ఒకసారి హైదరాబాద్ రావాలి, ముగ్గురి టికెట్లూ బడ్జెట్‌లో పడాలి. లేదా యూరప్ ముందు చూసి తర్వాత ఇటు రండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. మీకు 225 యూరోలు, పైన దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ చార్జీలు. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండనివ్వరు.

ఇక పంపకం. మూడు పద్దులు పెట్టండి: హైదరాబాద్‌ది, ఉన్న ఊరిది, ఊరు మారేది. టికెట్లు, వీసాలు, ఇన్సూరెన్స్ మూడోదాంట్లోకి వెళ్తాయి. వాటిని తిండి, అద్దెలతో కలిపేస్తే ఒక నెల మిగిలినట్టు, మరుసటి నెల కొంప మునిగినట్టు కనిపిస్తుంది. ఏడాది మొత్తం వేసి 12తో భాగించండి. ఒక్కో మార్పుకు మనిషికి 18 వేలు అనుకుంటే ముగ్గురికి 54 వేలు. ఏడాదికి ఆరుసార్లు మారితే నెలకు 27 వేలు, నాలుగుసార్లయితే 18 వేలు. ఆ 9 వేలు కూరగాయల దగ్గర బేరమాడి మిగిల్చేవి కావు.

వియత్నాం ఈ-వీసా 90 రోజులకు ఇస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. అక్కడ మూడు నెలలూ ఉండిపోతే మేలు. 28 రాత్రులు, ఆపైన ఉంటే ఎయిర్‌బీఎన్‌బీలో (ఇళ్లు అద్దెకిచ్చే యాప్) నెలవారీ తగ్గింపు ఇచ్చే ఇళ్లు దొరుకుతాయి. కరెంటు అద్దెలో కలిసిందో, మీటరు మీద వేరేగానో ముందే అడగండి. ఏసీ వాడే ఊళ్లలో అసలు దెబ్బ అదే.

అమీర్‌పేట్99:
కార్డు సంగతి. విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే చార్జీ, అంటే మార్కప్, 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే లక్షకు 4,130 రూపాయలు పోతాయి. మార్కప్ లేని కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి ఉంచుకోండి. మెషీన్ "రూపాయల్లో కట్టాలా?" అని అడిగితే వద్దని, ఆ దేశపు డబ్బునే ఎంచుకోండి. థాయ్‌లాండ్ ఏటీఎంలు చాలావరకు మన కార్డు మీద ప్రతిసారీ 220 బాట్‌లకు తగ్గకుండా పట్టుకుంటాయి, ఎంత తీసినా అంతే. కొంచెం కొంచెం తీయకండి. బయల్దేరేముందే ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ పెట్టించి, ఏడాది రీఛార్జ్ చేయించండి.

పద్దులపుస్తకం:
పైదానికి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను) కలపాలి. ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద విదేశాలకు పంపేది 10 లక్షలు దాటితే, పైమొత్తం మీద 20 శాతం బ్యాంకు వసూలు చేస్తుంది. ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు వాడకం కూడా లెక్కలోకే వస్తుంది. విదేశంలో క్రెడిట్ కార్డు ఖర్చు ప్రస్తుతానికి రాదు.

కొండాపూర్‌వాసి:
రిటర్న్‌లో తిరిగొచ్చేదే కదా, బడ్జెట్‌లో ఎందుకు?

పద్దులపుస్తకం:
తిరిగొచ్చేదాకా చేతిలో ఉండదు కాబట్టి. 18 లక్షలు మీ ఒక్కరి పేర పంపితే 1.6 లక్షలు ఆగిపోతాయి, దాదాపు ఒక నెల బడ్జెట్. మీరిద్దరూ చెరో 9 లక్షలు ఎవరి ఖాతా నుంచి వారు పంపితే సున్నా. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేవారైతే పట్టుకున్న టీసీఎస్‌ను అందులో తగ్గించుకోవచ్చు.

మియాపూర్‌అక్క:
హైదరాబాద్ పద్దులో రెండు మరువకండి. ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కడితే సాధారణంగా 5 శాతం తగ్గింపు. ఇక్కడి హెల్త్ పాలసీ "మనం లేంగా" అని ఆపితే, కొత్తది తీసుకున్నప్పుడు పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలం మళ్లీ మొదలవుతుంది, గరిష్ఠంగా మూడేళ్లు. ట్రావెల్ పాలసీ దానికి బదులు కాదు, అది వేరే ఖర్చు. చాలావరకు ఒక ప్రయాణానికి 180 రోజులే ఇస్తారు, అదీ ఇండియా దాటకముందే కొనాలి. షెంగెన్‌కు కనీసం 30 వేల యూరోల కవర్ ఉండాలి. హైదరాబాద్ వచ్చి వెళ్లేటప్పుడే కొత్త పాలసీ తీసుకునేలా తేదీలు కుదుర్చుకోండి, వీసా పనీ అప్పుడే అయిపోతుంది.