ఫ్రెండ్‌కి ఇంగ్లీష్‌లో లెటరు రాస్తే కలెక్టర్‌కి అర్జీ పెట్టుకున్నట్టు వస్తాంది, ఏం చేయాల?

తాడిపత్రి_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, ఐఈఎల్‌టీఎస్ జనరల్ (ఫారిన్ పోయేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) రాయాలనుకుంటాండా. రైటింగ్‌లో మొదట ఒక లెటరు ఉంటాది, కనీసం 150 పదాలు, దానికి 20 నిమిషాలు పెట్టుకోమంటారు. ఫార్మల్ది వస్తే ఏదో నెట్టుకొస్తా గానీ ఫ్రెండ్‌కి రాయమంటే చెయ్యి ఆడదు. నిన్న రాసింది ఇది: 'డియర్ ఫ్రెండ్, ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ టు ఇన్ఫార్మ్ యూ దట్ ఐ హ్యాడ్ గాన్ టు కడప యెస్టర్డే. ఇట్ వాజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్. కైండ్లీ రివర్ట్. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ.' రూమ్మేటు చదివి బ్యాంకు లోనుకా అని నవ్వినాడు. ఇడియమ్స్ (జాతీయాలు) 200 బట్టీ పట్టినా, ఎన్ని వాడాల? టెన్సులు 12 ఉన్నాయి కదా, అన్నీ కనపడాలా?

గుత్తిరోడ్డు_బాబాయ్:
సీమలో కుక్కలూ పిల్లులూ కురిసేంత వానా? ముందు అది కొట్టేయ్ నాయనా.

కర్నూలు_టీచరమ్మ:
బాబూ, తప్పు యాడుందో చెప్తా విను. మనం 'నిన్న కడపకు పోయింటి' అంటాం కదా, దాన్ని ఉన్నదున్నట్టు దించితే 'హ్యాడ్ గాన్' వచ్చి కూర్చుంటాది. ఇంగ్లీష్‌లో నిన్న, పోయిన వారం అని టైం చెప్పేస్తే ఉత్త 'వెంట్' చాలు. రెండు పనుల్లో ఏది ముందైందో తెలియాల్సినప్పుడే 'హ్యాడ్'. 'నేను బస్టాండుకు పోయేతలికి బస్సు ఎల్లిపోయిండె' అంటాం చూడు, ఆ 'ఎల్లిపోయిండె'నే 'హ్యాడ్ లెఫ్ట్'. ఇంక 'నేను గండికోట చూసుండా' అన్నామంటే ఎప్పుడో చెప్పలా, చూసిన మాట నిజం అంతే, అది 'హ్యావ్ సీన్', దానికి 'యెస్టర్డే' తగిలించొద్దు. పేపరు తెలుగు కన్నా మన సీమ మాటలోనే ఈ తేడా బాగా వినపడ్తాదని నాకనిపిస్తాది, మా పిల్లలకు ఇట్లనే చెప్తా. 12 టెన్సులూ చూపించమని ఎవరూ అడగరు.

లెటరు సంగతి. ఫ్రెండుకి 'ఇన్ఫార్మ్' ఏంది, 'గెస్ వాట్' అని మొదలుపెట్టు, 'ఐ యామ్' తీసి 'ఐమ్' రాయి, పేరు పెట్టి పిలువు. 'ఫెయిత్‌ఫుల్లీ' అనేది పేరు తెలియకుండా 'డియర్ సర్' అని రాసేవాళ్ళకు, నీకు 'టేక్ కేర్' చాలు. 'కైండ్లీ రివర్ట్' మన ఆఫీసుల జబ్బు, వదిలెయ్.

కడప_ఏడురోడ్లు:
200 బట్టీ దండగ తమ్ముడూ. 'క్యాట్స్ అండ్ డాగ్స్' పాతబడింది, 'పోరింగ్' అంటే సరిపోతాది. మనకు తెలిసిన మాటకు జోడీ పెట్టుకో, అమావాస్యకో పున్నానికో అంటే 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్', ఒక్క దెబ్బకు రెండు పిట్టలంటే వాళ్ళవీ పిట్టలే, నల్లేరు మీద బండి నడక మాత్రం వాళ్ళకు కేకు ముక్క, 'ఎ పీస్ ఆఫ్ కేక్'. లెటరుకు ఒకటి, మహా అయితే రెండు. బ్రౌన్ దొర 1820లో మా కడపకు ఉద్యోగానికొచ్చి తెలుగు మీద పడినాడు కదా, ఆయన డిక్షనరీలో చానా మాటలకు అర్థంతో పాటు జనం వాడే వాక్యం కూడా ఉంటాది, నువ్వూ ఇడియమ్ పక్కన వాక్యం రాసుకో.

తాడిపత్రి_కుర్రోడు:
థ్యాంక్స్ అక్కా, అన్నా. మళ్ళా రాసినా: 'హాయ్ రవి, గెస్ వాట్! ఐ వెంట్ టు కడప యెస్టర్డే అండ్ ఇట్ వాజ్ పోరింగ్. బై ద టైమ్ ఐ గాట్ టు ద బస్ స్టాండ్, ద లాస్ట్ బస్ హ్యాడ్ లెఫ్ట్. లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యూ. టేక్ కేర్.'

కర్నూలు_టీచరమ్మ:
'టు సీయింగ్ యూ'. మిగతాది బాగుంది, 150 పదాలకు పెంచి మళ్ళా పెట్టు.