సిటీ క్లాస్ గన్‌బోట్లు: డిజైన్ తప్పా, నడిపినోళ్ల తప్పా?

ఏటిగట్టు: అమెరికా సివిల్ వార్‌లో ఉత్తరాది (యూనియన్) తరఫున మిసిసిపీ మీద తిరిగిన ఆ ఏడు ఇనప తాబేళ్లని, అదే ఈ సిటీ క్లాస్ గన్‌బోట్లని, తెగ పొగుడుతుంటారు గానీ నాకైతే సగం కట్టి వదిలేసినట్టుంటాయి. రెండున్నర అంగుళాల ఇనుము ముందువైపూ ఇంజిన్ పక్కనా మాత్రమే, వెనకా లేదు పైనా లేదు. 1862 జూన్‌లో సెయింట్ చార్ల్స్ దగ్గర ఒకే ఒక్క గుండు వీటిలో ఒకటైన మౌండ్ సిటీ లోపలికెళ్లి స్టీమ్ డ్రమ్ (ఆవిరి నిండే ట్యాంకు) పగలగొడితే వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆవిరికే. ఇంకేం కావాలి?

కొలిమి: పైన కూడా వేస్తే బరువెవడు మోస్తాడు బ్రో? 175 అడుగుల పొడవు, 13 ఫిరంగులు, అన్నీ పెట్టుకుని ఆరడుగుల నీళ్లలో తేలాలి. అంత లోతులేని పడవలో బాయిలర్‌ని నీటిమట్టం కిందకి పూర్తిగా దించడానికి చోటేదీ? పైగా 1861 ఆగస్టులో కాంట్రాక్ట్ తీసుకున్న ఈడ్స్ నెలల్లో కట్టాడు, ఏళ్లలో కాదు.

ఏటిగట్టు: తొందరలో కట్టారని గుండు కనికరిస్తుందా? దక్షిణాది వాళ్ల డోనెల్సన్ కోట దగ్గర చూడు, గట్టు మీంచి కొడుతుంటే పైకప్పులు చిల్లులు పడ్డాయి.

రాత్రిడ్యూటీ: అక్కడ నేనైతే ఈ పడవల్ని నడిపించిన కమాండర్ ఫూట్‌నే అంటాను. వారం ముందు ఫోర్ట్ హెన్రీ పల్లంలో ఉంది, వరదనీళ్లు లోపలికొచ్చేశాయి కాబట్టి దగ్గరికెళ్లి కొడితే పనైపోయింది, అదే ఊపులో ఫిబ్రవరి 14న ఎత్తు మీదున్న డోనెల్సన్ దగ్గరకీ 400 గజాల్లోపు వెళ్లిపోయాడు, ఆయనకీ గాయమైంది. ఆపోజిట్ కరెంట్‌లో వెళ్లారు కాబట్టి స్టీరింగ్ పోయిన సెయింట్ లూయిస్, లూయివిల్ పడవలు వెనక్కి కొట్టుకొచ్చి బతికిపోయాయి, ప్రవాహం అటువైపు ఉంటే శత్రువు చేతికి చిక్కేవి.

కొలిమి: అదీ. ఇంకోటి, ఈ ఏడింట్లో మొత్తానికి పోయినవి రెండే, కైరో, బారన్ డీకాల్బ్. రెండూ యాజూ నదిలో మైన్లకే. కైరో 1862 డిసెంబర్‌లో పన్నెండు నిమిషాల్లో మునిగింది, ఒక్కడూ చావలేదు. అడుగున పేలేదానికి పక్కన ఇనుమెంతుంటే ఏం లాభం?

ఏటిగట్టు: లెక్క బానే తిప్పావ్ 😄 ప్లమ్ పాయింట్‌లో ర్యామ్‌లు (ముక్కుతో గుద్ది ముంచే శత్రు ఓడలు) గుద్దితే సిన్సినాటీ, మౌండ్ సిటీ రెండూ మునగలేదా, మళ్లీ 1863 మేలో దక్షిణాది చేతిలో ఉన్న విక్స్‌బర్గ్ ఊరి ఫిరంగులకి సిన్సినాటీ ఇంకోసారి. పైకి తీసి రిపేర్ చేశారంటే ఆ క్రెడిట్ లోతు తక్కువున్న నదికివ్వు, డిజైన్‌కి కాదు.

కొలిమి: ఆ తక్కువ లోతు కోసమే కదా స్వామీ డిజైన్ చేసింది!