తాతగారి లారీకి నక్షత్రం పెట్టాలా, అప్పన్న నామం ఉంచాలా?

బెల్లం లారీ మనవడు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం విశాఖ బీచ్ రోడ్డులో పాత వాహనాల ప్రదర్శన జరిగింది. జనమంతా కార్ల చుట్టూ మూగారు. నేను మాత్రం వరస చివర నిలిపిన నాలుగు లారీల దగ్గరే పొద్దున్న ఏడు నుంచి ఎండ నెత్తికెక్కేదాకా ఉండిపోయాను. ఒకటి ఫార్గో, ఒకటి హిందుస్థాన్ బెడ్‌ఫోర్డ్, ఒకటి సైన్యం వాడి వదిలేసిన శక్తిమాన్, నాలుగోది టాటా మెర్సిడెస్. బోనెట్‌లో మన ముఖం కనిపించేంత నునుపుగా రంగు వేశారు. వాటిని చూస్తున్నంతసేపూ అనకాపల్లిలో మా షెడ్డులో ఉన్న బండే కళ్ల ముందు మెదిలింది.

మాది 1966 నాటి టాటా మెర్సిడెస్ 1210. తాతగారు అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం ఎత్తుకుని, సాలూరు ఘాటు ఎక్కి, కోరాపుట్ దాకా తోలేవారు. తిరుగు ప్రయాణంలో చింతపండు తెచ్చేవారు. 1989లో షెడ్డులో పెట్టిన బండి మళ్లీ కదల్లేదు. పాత ఇనుము కొనేవాళ్లు ఎన్నిసార్లు వచ్చినా నాన్నగారు షెడ్డు తాళం ఇవ్వలేదు. ఇప్పుడు ఆ తాళం నా దగ్గర ఉంది. బండిని నడిచే స్థితికి తేవాలని గట్టిగా అనుకున్నాను.

అడగదలచుకున్నది ఇది. రేడియేటర్ జాలీ మధ్యలో ఉండాల్సిన మెర్సిడెస్ గుర్తు, ఆ మూడు కోణాల నక్షత్రం, మా బండికి లేదు. తాతగారు రాత్రి ఎక్కడో ఆపి నిద్రపోతుంటే ఎవరో ఊడదీసుకుపోయారట. ఆయన అనకాపల్లిలో కంచరి చేత చిన్న పళ్లెమంత ఇత్తడి రేకు కొట్టించి, దాని మీద సింహాద్రి అప్పన్న నామం దించి, నక్షత్రం ఉన్నచోట బిగించారు. నాయనమ్మ ప్రతి శుక్రవారం చింతపండుతో దాన్ని తోమేది. తోమి తోమి నామం మధ్య గీత చదునైపోయింది, వేలితో తడిమితేనే తెలుస్తుంది. అంచు చుట్టూ మాత్రం కంచరి సుత్తి దెబ్బలు చేప పొలుసుల్లా ఇంకా అలాగే ఉన్నాయి.

ప్రదర్శనలో అనుభవం ఉన్న పెద్దమనిషి ఒకరు నా ఫోనులో ఫొటోలు చూసి, ఆ రేకు తీసేసి నక్షత్రం పెట్టాలని, చెక్క క్యాబిన్ మొత్తం పీకేసి ఇనుప రేకుతో కొత్తది కట్టించాలని, అప్పుడే బండికి అసలు రూపం వస్తుందని చెప్పారు. క్యాబిన్ అడుగున చెక్క కుళ్లిన మాట నిజమే. కానీ డ్రైవరు వైపు తలుపు లోపలి పలక మీద తాతగారు కత్తి మొనతో పెట్టిన గాట్లు ఉన్నాయి. కోరాపుట్ వెళ్లివచ్చిన ప్రతిసారీ ఒక గాటు. నిన్న లెక్కపెట్టాను, 217 ఉన్నాయి. పలక పోతే అవీ పోతాయి. వచ్చే వారం పనివాళ్లకు మాట చెప్పాలి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జంషెడ్‌పూర్ బండి

ప్రదర్శనలో మీరు చూసిన టాటా మెర్సిడెస్ నాదే. మీతో మాట్లాడినది నేను కాదు, అయినా ఆయన మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్), మెర్సిడెస్ బండ్లు చేసే జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్ చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టాయి. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ఆ పదిహేనేళ్లూ జాలీ మీద నక్షత్రం ఉంది, తర్వాత ఆ చోటికి టాటావారి టీ అక్షరం వచ్చింది. మీది 1966 బండి. దాన్ని చూసిన పిల్లవాడు ఈ నక్షత్రం ఏమిటని అడగాలి, మనం ఆ కథ చెప్పాలి. నా బండికి సరైన నక్షత్రం దొరికేదాకా పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. అది బిగించిన రోజు మా ఇంట్లో పండుగే.

అది మీ ఇష్టానికి వదిలేస్తాను. ఇంజను విషయంలో మాత్రం నా మాట తప్పకుండా వినండి. ఇన్నేళ్లు ఆగిన ఇంజనును వేరే బండికి తాడు కట్టి లాగించి స్టార్ట్ చేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పిస్టన్లు పట్టేసి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి, ఆ రంధ్రాల గుండా డీజిల్, ఇంజను ఆయిల్ కలిపి కొద్దికొద్దిగా పోయండి. వారం పది రోజులు నాననివ్వండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తోనే కదపండి. మొండికేస్తే మళ్లీ పోసి ఆగండి. ఇంజనుకు డీజిల్ అందించే మైకో పంపును విప్పకుండా అలాగే పంపుల పని తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. నిలవున్న డీజిల్ బంకలా మారి లోపల ప్లంజర్లు అతుక్కుని ఉంటాయి.

టైర్లకు గాలి పట్టించేటప్పుడు జాగ్రత్త. ఆ రిమ్ములకు విడి లాకు రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగు గాలి ఒత్తిడికి ఎగిరివస్తే ప్రాణానికే ముప్పు. ముందు రింగులు విప్పి, శుభ్రం చేసి, పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. ఆ తర్వాత కూడా ఇనుప బోనులో పెట్టే గాలి కొట్టించండి.

గాజువాక చెక్కపని

బాబూ, నేను ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టి బతికినవాణ్ణి. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కాబట్టి మా అబ్బాయి చూసుకుంటున్నాడు. అసలు రూపం అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ కాలంలో కంపెనీ నుంచి మన దగ్గరికి వచ్చేది చాలావరకు ఛాసిస్, ఇంజను, ముందు ముక్కు, అంతే. డ్రైవరుకు సరైన సీటు కూడా ఉండేది కాదు. చెక్కపెట్టె మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వందల మైళ్లు తోలుకొచ్చేవారు. క్యాబిన్, తొట్టి, తలుపులు అన్నీ మా వంటి వడ్రంగులు కట్టినవే. చట్రానికి టేకు, తొట్టి అడుగుకు మద్ది. కాబట్టి మీ బండి క్యాబిన్‌కు జంషెడ్‌పూర్‌లో అసలు రూపమంటూ ఏదీ లేదు. అనకాపల్లిలోనో విశాఖలోనో ఒక వడ్రంగి మీ తాతగారి ఎత్తు చూసి, ఆయన మోకాలికి తగలకుండా కొలిచి కట్టిందే దానికి అసలు రూపం. దాన్ని పీకేసి ఇనుప రేకు కొడితే అదే కొత్త వేషం అవుతుంది.

కుళ్లిన చెక్కకు భయపడకండి. అడుగు దూలాలు, స్తంభాల కింది జానెడు ముక్క మాత్రమే పోయి ఉంటుంది. మేకుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగినంతవరకు కోసెయ్యాలి, గట్టిగా తగిలిన చోట ఆగాలి. కొత్త టేకు ముక్కను, పాత స్తంభాన్ని రెండింటినీ ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి, బోల్టులు వెయ్యాలి. ఆ అతుకు బాగా వచ్చినవాళ్లు ఇప్పుడు ఆటోనగర్‌లో తగ్గిపోయారు. చేపల రేవుకు వెళ్లి చెక్క బోట్లు బాగుచేసే వడ్రంగులను అడగండి. ఉప్పునీటికి తట్టుకునే అతుకు వెయ్యడం వాళ్లకు రోజూ ఉండే పని.

తలుపు పలక జోలికి ఎవరినీ రానివ్వకండి. గాట్లున్న వైపు ఉప్పుకాగితం పెట్టకూడదు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, అవిసె నూనె పల్చగా రెండుసార్లు పట్టించండి, చాలు.

ఇంకొకటి, ఛాసిస్ తుప్పు. ఆ పట్టీలు రివెట్లతో బిగించినవి. ఎక్కడ పడితే అక్కడ వెల్డింగ్ పెట్టించకండి. వేడి తగిలిన చోటు పక్కనే తర్వాత పగులు పుడుతుంది. పాత రివెట్టు తీసి కొత్తది కాల్చి కొట్టడం శ్రమే, కానీ అదే పద్ధతి.

డ్రైవరు గారి అమ్మాయి

నేను వాహనాల పని తెలిసినదాన్ని కాను. మా నాన్నగారు లారీ డ్రైవరు, ముప్పై ఏళ్లకు పైగా ఘాట్లలో నడిపారు. ఇప్పుడు ఆయనకు 81. మొన్న ఆదివారం ఆయన్ను చక్రాల కుర్చీలో బీచ్ రోడ్డుకు తీసుకెళ్లాను. టాటా మెర్సిడెస్ దగ్గర కుర్చీ ఆపమన్నారు. పక్కన నిలబడిన కుర్రవాళ్లకు హీటర్ సంగతి చెప్పారు. చలికాలం తెల్లవారుజామున బొత్తాం లాగి పట్టుకుంటే డ్యాష్‌బోర్డు మీద చిన్న రంధ్రాల వెనక తీగ మెల్లగా ఎర్రబడేదట. అది నిప్పు కణికలా అయ్యేదాకా ఓపిక పడితేనే ఇంజను అందుకునేదట. క్లీనరుగా చేరిన రోజుల్లో ఘాటు మలుపులో లారీ ఆగిపోతే చెక్క దిమ్మ పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెట్టడమే తన ఉద్యోగమని, దిమ్మ జారితే బండి, బెల్లం, మనుషులు అందరూ లోయలోకేనని చెప్పారు.

తర్వాత బండి యజమానిని అడిగి నిలబడి, తలుపు అంచు మీద కుడి మోచెయ్యి ఆనించారు. కాసేపు అటూ ఇటూ జరిపి చూసుకుని చెయ్యి తీసేశారు. ఇంటికి వచ్చాక అడిగితే, "బండి చాలా బాగుందమ్మా, కానీ మోచెయ్యి పెట్టే చోటు లేదు" అన్నారు. ఏళ్ల తరబడి ఆనించిన చోట చెక్క గుంటపడుతుందట, చీకట్లో ఎక్కినా చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుందట. పైన రాసిన యజమాని గారూ, మీ శ్రమను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. మీరు ఆయన్ను పట్టుకుని నిలబెట్టిన తీరు మరిచిపోలేను.

మనవడు గారూ, మీ తలుపుకు ఆ గుంట ఉందేమో చూడండి. ఉంటే దాన్ని పుట్టీతో నింపనివ్వకండి.

సింధియా ఇంజనీరు

ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాను, ఇల్లు విశాఖలో సింధియా దగ్గర. ఒకసారి అమెరికాలో ఓడ మరమ్మతుకు ఆగినప్పుడు అక్కడి పాత ట్రక్కుల ప్రదర్శనకు వెళ్లాను. ఆ దేశంలో వీటికోసం 1971 నుంచి ప్రత్యేక సంఘమే ఉంది, అమెరికన్ ట్రక్ హిస్టారికల్ సొసైటీ. నేను చూసినది చిన్న ఊరి ప్రదర్శన, అయినా వందకు పైగా ట్రక్కులు వచ్చాయి. మ్యాక్ కంపెనీవి రెండు బీ-61 ట్రక్కులు పక్కపక్కన నిలిపారు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోదాని తలుపు మీద పాల వ్యాపారి పేరు కుంచెతో రాసినది సగం వెలిసిపోయి ఉంది. యజమాని ఇంజను మొత్తం కొత్తగా చేయించి, ఆ అక్షరాలను మాత్రం ముట్టుకోలేదు. నేను గమనించినంతసేపు ఎక్కువమంది ఆగి మాట్లాడింది రెండోదాని దగ్గరే.

మీ నామం గురించి చదవగానే ఆ మ్యాక్ బోనెట్ మీది బుల్‌డాగ్ బొమ్మ గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బురదలో మొండిగా లాగుతున్న మ్యాక్ ఏసీ ట్రక్కులను చూసి బ్రిటిష్ సైనికులు బుల్‌డాగ్ అని పిలిచారు. కంపెనీ ఆ పేరును తర్వాత సొంతం చేసుకుంది. 1932లో దాని ప్రధాన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ మసూరీ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో చెక్కిన బొమ్మే బోనెట్ ఎక్కింది. బండిని నమ్ముకున్నవాళ్లు పెట్టిన గుర్తును కంపెనీయే తల మీద పెట్టుకున్నప్పుడు, మీ తాతగారు పెట్టుకున్న గుర్తును మనం ఎందుకు తీయాలి? నక్షత్రం మార్కెట్‌లో దొరుకుతుంది. ఆ రేకు ఇంకొకటి లేదు.

జంషెడ్‌పూర్ బండి

డ్రైవరు గారి అమ్మాయికి: నాన్నగారు మోచెయ్యి జరుపుకోవడం నేనూ చూశాను, అప్పుడు అర్థం కాలేదు. నా పాత తలుపు పలకలు పారేయలేదు, అటక మీద ఉన్నాయి. ఈ వారం దించి చూస్తాను.

మనవడు గారికి కాగితాల మాట ఒకటి. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ అది సొంత వాడకంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాల కోసం. సరుకు రవాణా లారీ అందులో ఇమడదు. మీ పాత ఆర్‌సీ పుస్తకం ఎంత చిరిగినా భద్రపరచండి, రవాణా శాఖ కార్యాలయానికి స్వయంగా వెళ్లి అడగండి. నేను ప్రదర్శనకు నా బండిని ట్రెయిలర్ మీదే తెచ్చాను.

బెల్లం లారీ మనవడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చదివిన వెంటనే షెడ్డుకు వెళ్లాను. గుంట ఉంది. అరచెయ్యంత పొడవు, అంగుళంలో మూడో వంతు లోతు. నా మోచెయ్యి పెడితే కాస్త వెనక్కి పడింది, తాతగారు నాకన్నా పొడగరి.

ఇత్తడి రేకును తోమడానికి నాలుగు మరలు విప్పాను. వెనక జాలీ మీద అసలు రంగు ఎండ తగలకుండా మిగిలి ఉంది, ముదురు ఆకుపచ్చ. మేమంతా బండి మొదటి నుంచీ నీలమే అనుకున్నాం. ఆ ఆకుపచ్చ మధ్యలో నక్షత్రం బిగించిన రంధ్రాలు ఉన్నాయి. తాతగారు కొత్త రంధ్రం ఒక్కటీ వెయ్యలేదు. వాటి కొలతకే రేకు చేయించారు. ఫొటో తీసుకుని, రేకును అవే మరలతో తిరిగి బిగించాను.

క్యాబిన్ పీకొద్దని పనివాళ్లకు చెప్పేశాను. చేపల రేవులో ఒక వడ్రంగి బుధవారం వచ్చి చూస్తానన్నారు. చెక్కపని పెద్దాయన గారూ, వీలైతే ఆ రోజు మీరూ రండి, కారు పంపుతాను. అవిసె నూనె తెచ్చాను, మీరు ఉన్నప్పుడే పట్టిస్తాను. సిలిండర్లలో నూనె పోసి ఇవాళ్టికి నాలుగు రోజులు. హ్యాండిల్ ఇంకా కదల్లేదు, ఆదివారం దాకా ఆగుతాను. కదిలాక ఏ రోజుకైనా మొదటి ప్రయాణం సింహాచలం కొండ మొదటి మెట్టు తొలిపావంచాకే, ట్రెయిలర్ మీదైనా సరే.

ఒక లాకు రింగు పగిలి ఉంది. 9.00-20 టైరు రిమ్ముకు సరిపోయేది, పాతదైనా గట్టిది, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.