చిల్డ్రన్ ఆఫ్ ది కార్న్ (1984): మొదట్లో వణుకు, క్లైమాక్స్‌లో నవ్వు. నాకొక్కడికేనా?

నైట్‌షో_నాని:

స్పాయిలర్లు దండిగా ఉన్నాయి, సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఎప్పట్నుంచో లిస్టులో పడి ఉన్న సినిమా, నిన్న రాత్రి చూసేశాను. ఓపెనింగ్ సీన్‌కి మాత్రం నిజంగా భయపడ్డాను. నెబ్రాస్కాలో గాట్లిన్ అనే చిన్న ఊరు, ఆదివారం చర్చి అయ్యాక జనం కెఫేలో కూర్చుని కాఫీలు తాగుతుంటారు, ఓ పిల్లాడు వాళ్ల నాన్నతో వచ్చి కూర్చుంటాడు. కిటికీ అవతల టోపీ కింద ఓ చిన్న మొహం కనిపిస్తుంది, తల ఊపుతుంది, అంతే. లోపలున్న పిల్లలు తలుపు వేసేస్తారు, కాఫీ తాగినవాళ్లు గొంతు పట్టుకుని పడిపోతుంటారు, మిగిలినవాళ్ల మీదికి కత్తులు, కొడవళ్లు. ఆ మాంసం కోసే మెషిన్ దగ్గరికి ఒకడి చెయ్యి లాక్కెళ్లినప్పుడు నేను స్క్రీన్ వైపు చూడలేకపోయాను.

అలాంటి సినిమా చివరికొచ్చేసరికి ఏమైంది? మట్టి కింద ఏదో దొలుచుకుంటూ వస్తుంది, ఆకాశంలో ఎర్రగా పొగలాంటిది తిరుగుతుంది, ఆ పిల్లల నాయకుడు ఐజాక్ చచ్చి లేచొచ్చి బొంగురు గొంతుతో మాట్లాడతాడు... నవ్వు ఆగలేదు. ఒకే డైరెక్టర్, ఒకే సినిమా, ఇంత తేడా ఏంటి? బడ్జెట్ లేకపోవడమేనా కారణం? స్టీఫెన్ కింగ్ కథ చదివినవాళ్లు ఉంటే అందులోనూ ఇలాగే ఉంటుందా చెప్పండి. సీక్వెల్స్ బోలెడు కనిపిస్తున్నాయి, అవేమైనా చూడొచ్చా?

పాతక్యాసెట్:

నీకొక్కడికే కాదులే నానీ, ఈ సినిమా చూసిన ప్రతివాడూ ఇదే అంటాడు.

బడ్జెట్ దాదాపు 8 లక్షల డాలర్లు, అమెరికాలో వసూలు చేసింది కోటీ 45 లక్షలకు పైనే. హాలీవుడ్ లెక్కలో 1984లో కూడా ఆ బడ్జెట్ చిల్లర డబ్బే. కానీ నీకు భయం వేసిన సీన్లన్నీ ఒకసారి గుర్తు చేసుకో, వాటిలో దేనికైనా డబ్బు కావాలా? కెఫే సీన్‌కి ఒక గది, కొంతమంది పిల్లలు, ఒక చూపు చాలు. రోడ్డు మీదికి తూలుతూ వచ్చి కారు కింద పడే పిల్లాడి సీన్ చూడు. ఆ కారులో వెళ్తున్న బర్ట్, విక్కీ అనే జంట తమ కారే చంపిందనుకుంటారు, బర్ట్ దిగి చూస్తే గొంతు అప్పటికే కోసి ఉంటుంది. అంటే చంపినవాడు పక్కనున్న మొక్కజొన్న చేలోనే ఎక్కడో నిలబడి వీళ్లని చూస్తున్నాడన్నమాట. దానికి ఖర్చేముంది? ఫ్రిట్జ్ కీర్ష్ అనే ఆ డైరెక్టర్ అక్కడిదాకా చేతిలో ఉన్నవాటితోనే పని లాగించాడు, బాగా లాగించాడు. జోనథన్ ఎలియస్ మ్యూజిక్ కూడా మర్చిపోకు, ఆ పిల్లల కోరస్ వస్తుంటే ఖాళీ వీధి చూపించినా టెన్షనే.

క్లైమాక్స్‌లో ఆ పిల్లలు దేవుడిగా కొలిచే 'సాళ్ల వెనక నడిచేవాడు' ఎవరో చూపించాల్సి వచ్చింది. ఎనభైల్లో ఆప్టికల్ ఎఫెక్ట్స్ అంటే బోలెడు డబ్బు, బోలెడు టైమ్, రెండూ వీళ్ల దగ్గర లేవు. చూపించకుండా వదిలేసి ఉంటే గట్టెక్కేవాళ్లు. చూపించారు, మునిగారు. మట్టి కింద కదలిక వరకు ఆపేసినా నేను ఒప్పుకునేవాణ్ణి, అది పర్లేదు. ఆ ఎర్ర పొగే కొంప ముంచింది.

చదువరి_లక్ష్మి:

నానీ గారూ, కథ వేరే లోకం అండీ. 1977లో ఒక పత్రికలో వచ్చింది, మరుసటి ఏడు 'నైట్ షిఫ్ట్' సంపుటిలో చేరింది. చిన్న కథ, ఓ గంటలో అయిపోతుంది.

సినిమాలో బర్ట్, విక్కీ ముచ్చటైన జంట కదా, పుట్టినరోజు పాట, డాన్సు గట్రా. కథలో వాళ్లు విడిపోయే అంచున ఉన్న మొగుడూ పెళ్లాలు. కారెక్కిన దగ్గర్నుంచీ ఒకరినొకరు పొడుచుకోవడమే, ఆ విసుగులోనే పిల్లాడు కారు కింద పడతాడు. ఊళ్లోకి వచ్చాక వెళ్లిపోదాం అని ఆవిడ మొత్తుకుంటుంది, ఈయన మొండికేసి చర్చిలోకి వెళ్తాడు. అక్కడో రిజిస్టర్ దొరుకుతుంది. ఒక్కో పిల్లాడి పాత పేరు తీసేసి బైబిల్ పేరు రాసి ఉంటుంది, పక్కన పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. బర్ట్ లెక్కేసుకుంటూ పోతే ఒక్కరికి కూడా పంతొమ్మిది దాటదు. ఎవరూ ఎవర్నీ పొడవరు, అరుపులు లేవు, ఒక మనిషి కూర్చుని తీసివేతలు చేస్తుంటాడు అంతే, అయినా నాకు కెఫే సీన్ కంటే అదే ఎక్కువ భయం. సినిమాలో ఈ ఘట్టాన్ని రక్తం తాగే పూజగా మార్చేశారు, మనవాడు సరిగ్గా ఆ టైమ్‌కే లోపలికి దూరిపోతాడు.

ఇక ఎండింగ్. కథలో ఇద్దరూ బతకరు. విక్కీని ఏం చేస్తారో ఇక్కడ రాయను, అన్నం తినేటప్పుడు చదవొద్దని మాత్రం చెప్తాను. బర్ట్ చేలోకి పారిపోతాడు, అక్కడ ఉన్నది వచ్చి తీసుకెళ్తుంది, అదెలా ఉంటుందో కింగ్ సరిగా చెప్పనే చెప్పడు. పైగా ఆ దేవుడికి కోపం వచ్చి పిల్లలు తనకి బలి కావాల్సిన వయసుని పంతొమ్మిది నుంచి పద్దెనిమిదికి తగ్గిస్తాడు. అప్పుడు పద్దెనిమిది నిండినవాళ్లు ఆ సాయంత్రమే చేలోకి నడిచి వెళ్లిపోవాలి, మలకై అనే కుర్రాడు కూడా. అతని బిడ్డని కడుపులో మోస్తున్న పిల్ల చెయ్యి ఊపి పంపిస్తుంది. ఇంత చిక్కటి ముగింపు తీసేసి సినిమాలో ఇద్దరు మంచి పిల్లల్ని, ఒక పేలుడుని పెట్టారు. కింగ్ మొదట స్క్రీన్‌ప్లే తనే రాసిచ్చాడు, దాన్ని పక్కనపెట్టి జార్జ్ గోల్డ్‌స్మిత్ చేత వేరే రాయించారు.

ఒప్పుకోను_భయ్యా:

పాతక్యాసెట్ అన్నా, అంతా ఆ పొగ మీద తోసేయకు. సినిమా అంతకు చాలాముందే జారిపోయింది. మొదటి సీన్‌లోనే జోబ్ అనే బుడ్డోడి గొంతుతో కథ చెప్పిస్తారు, అంటే ఊళ్లో ఒక మంచి పిల్లాడు ఉన్నాడని అప్పుడే తెలిసిపోయింది. వాడి చెల్లెలు జరగబోయేది ముందే బొమ్మలు గీస్తుంది. ఇంకేముంది, చివర్లో ఈ నలుగురూ చేతులు పట్టుకుని బయటపడతారని మూడో రీలుకే అర్థమైపోతుంది. పిల్లలంటే భయం ఎప్పుడు వేస్తుంది? ఎవడు మంచోడో ఎవడు కాదో తెలియనప్పుడు. ఇక్కడ చెడ్డ పిల్లలకి నల్ల బట్టలు, టోపీలు, మంచి పిల్లలకి అమాయకపు మొహాలు. యూనిఫామ్ వేసి మరీ చూపించారు.

ఇంకోటి, ఆ జంటకి బుర్ర లేదు. డిక్కీలో శవం పెట్టుకుని తిరుగుతూ, ఫోన్ కోసం ఖాళీ ఊళ్లోకి వచ్చి, అక్కడ మొక్కజొన్న కంకులు వేలాడుతున్న ఇళ్లు చూసి కూడా, విక్కీని ఒంటరిగా వదిలేసి ఈయన షికారుకి పోతాడు. డాక్టర్ అట.

ఐజాక్, మలకై మాత్రం సూపర్, అది కాదనను. మలకైగా చేసిన కోర్ట్‌నీ గెయిన్స్ 'అవుట్‌లాండర్!' (బయటివాడా!) అని అరిచే అరుపు కోసమైనా ఒకసారి చూడొచ్చు.

నైట్‌షో_నాని:

లక్ష్మి గారూ, రిజిస్టర్ సంగతి చెప్పి కథ చదివించేలా ఉన్నారు 🙂 ఒక డౌట్. ఐజాక్ వేసింది నిజంగా పిల్లాడేనా? మొహం ఒక వయసు, గొంతు ఇంకో వయసులా అనిపించింది.

పాతక్యాసెట్:

పిల్లాడు కాదు. జాన్ ఫ్రాంక్లిన్, 1959లో పుట్టాడు, షూటింగ్ నాటికి ఇరవై దాటి చాలా రోజులైంది. గ్రోత్ హార్మోన్ లోపం వల్ల ఆ ఎత్తు దగ్గర ఆగిపోయాడు. నీకు తేడాగా అనిపించింది అదే, ఒక పెద్దమనిషి ఏళ్ల తరబడి ప్రసంగాలు చేసిన గొంతుతో పిల్లాడి ఒంట్లోంచి మాట్లాడతాడు. ఇంత తక్కువ బడ్జెట్లో ఇంతకంటే మంచి ఎఫెక్ట్ ఇంకేం కావాలి? మళ్లీ 1999లో ఐజాక్ తిరిగొచ్చే భాగంలో తనే వేశాడు, రాయడంలోనూ చెయ్యి వేశాడు. విక్కీగా చేసిన లిండా హామిల్టన్‌కి అదే 1984లో కొన్ని నెలల తర్వాత టెర్మినేటర్ వచ్చింది, మిగతాది తెలిసిందే.

అయోవా_అన్నయ్య:

ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయలేదు, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. కథ నెబ్రాస్కాదే కానీ సినిమా తీసింది మా పక్క, అయోవాలో. నేను ఇక్కడే ఉంటాను.

ఆగస్టులో మొక్కజొన్న మనిషిని మించి పోతుంది. ఇప్పుడు సాలుకీ సాలుకీ మధ్య ముప్పై అంగుళాలే వదులుతారు. నాలుగు సాళ్లు లోపలికెళ్తే రోడ్డు కనబడదు, ఏ పక్కనుంచి వచ్చామో కూడా చెప్పలేం. ఆకుల అంచులు చేతుల్ని గీరేస్తాయి, పొట్టి చేతుల చొక్కాతో వెళ్తే మంట పుడుతుంది. గాలి ఊపిరాడనంత బరువుగా ఉంటుంది, కానీ పైన ఆకులు మాత్రం గలగలమంటూనే ఉంటాయి, ఆ చప్పుడులో పక్క సాలులో మనిషి నడిచినా వినబడదు. సినిమాలో బర్ట్ పరిగెత్తే షాట్లు అందుకే నాకు పట్టేశాయి, సెట్ వేసినా అంత బాగా రాదు. రోడ్లు కూడా అంతే, మైలుకొకటి చొప్పున గళ్లు గీసినట్టు ఉంటాయి, ఏ మలుపు తిరిగినా అదే చేను. ఎటుపోయినా గాట్లిన్ బోర్డే కనిపించడం చూసి నవ్వుకుంటారు గానీ, కొత్తవాళ్లకి ఇక్కడ అచ్చం అలాగే అనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ సినిమా వచ్చినప్పుడు ఇక్కడి రైతులు అప్పుల్లో మునిగి ఉన్నారు. ఎనభైల మొదట్లో వడ్డీలు పెరిగి, భూముల ధరలు పడిపోయి, పొలాలు వేలానికి పోయాయి, చిన్న ఊళ్లలో షాపులు వరసగా మూతపడ్డాయి. ఖాళీ మెయిన్ వీధి, దుమ్ము పట్టిన కిటికీలు అప్పటి ప్రేక్షకుడికి కొత్తేమీ కాదు. భయం సగం అక్కడే పుట్టి ఉంటుంది.

క్లైమాక్స్‌లో మొక్కజొన్న నుంచి తీసిన ఇంధనంతోనే చేను తగలబెట్టడం మాత్రం నాకు నచ్చింది. పచ్చి చేను అంత సులువుగా అంటుకోదనుకోండి, అది వేరే విషయం.

చదువరి_లక్ష్మి:

సీక్వెల్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్తాను. రెండోది 1993లో హాల్లోకి వచ్చింది, ఆ తర్వాతవి ఎక్కువగా నేరుగా వీడియోకే. నటుల కోసం చూడాలంటే సరదాగా ఉంటాయి: మూడోదాంట్లో పేరు కూడా వేయని చిన్న వేషంలో చార్లీజ్ థెరాన్, నాలుగోదాంట్లో నేయోమీ వాట్స్, ఐదోదాంట్లో ఎవా మెండెస్. కథ కోసమైతే వద్దు. 2009లో టీవీకి తీసింది మాత్రం ఓసారి చూడండి, మొదటి సినిమా నిర్మాత డొనాల్డ్ బోర్చర్స్ స్వయంగా డైరెక్ట్ చేశాడు, పొట్లాడుకునే జంట అందులో ఉంది, ముగింపు కూడా కథకి దగ్గరగా ఉంటుంది. నటన గురించి ఏమీ అడగొద్దు.

ఒప్పుకోను_భయ్యా:

నానీ, హంతక పిల్లల సినిమా నిజంగా ఎలా తీయాలో చూడాలంటే 1976 నాటి స్పానిష్ సినిమా 'హూ కెన్ కిల్ ఎ చైల్డ్?' పట్టుకో. డైరెక్టర్ నార్సిసో ఇబాన్యెజ్ సెరడోర్. కడుపుతో ఉన్న భార్యని తీసుకుని ఒకాయన ఓ దీవికి వెళ్తాడు, అక్కడ పెద్దవాళ్లు కనిపించరు. అంతా పట్టపగలు, మండే ఎండ, తెల్లటి గోడలు, మామూలు బట్టల్లో నవ్వుతూ ఆడుకునే పిల్లలు. టోపీలు లేవు, దేవుడు లేడు, పొగ అసలే లేదు. చేతిలో తుపాకీ ఉండి కూడా ఒక పెద్దమనిషి పిల్లాడి మీద పేల్చగలడా అన్నదే మొత్తం సినిమా. మొదట్లో యుద్ధాల్లో చనిపోయిన పిల్లల అసలు ఫుటేజ్ వస్తుంది, అది తట్టుకోలేకపోతే ముందుకి జరిపేసుకో, కథ అర్థం కావడానికి అడ్డేమీ ఉండదు.

నైట్‌షో_నాని:

ఈ వారాంతం ముందు కథ, తర్వాత ఆ స్పానిష్‌ది. ఐదో భాగం కూడా పెట్టుకున్నా, ఎవా మెండెస్ ఉందన్నారు కాబట్టి. తిట్టకండి.