1959 బొగ్గు సంక్షోభంలో హై అథారిటీ చేతిలో అసలు ఏం మిగిలింది?

ఆరు దేశాలు బొగ్గు, ఉక్కులకు ఉమ్మడి మార్కెట్ పెట్టుకున్న ఐరోపా బొగ్గు ఉక్కు సమాజం ఒప్పందం తెలిసినవాళ్లు ఈ ముడి విప్పగలరా?

1952 ఆగస్టులో లక్సెంబర్గ్‌లో పని మొదలుపెట్టిన హై అథారిటీలో (ఆ సమాజపు కార్యనిర్వాహక సంస్థ) సభ్యులు తొమ్మిది మంది. ఎనిమిది మందిని ఆరు ప్రభుత్వాలు నియమిస్తే, తొమ్మిదో సభ్యుణ్ణి ఆ ఎనిమిది మందే ఎన్నుకున్నారు. నిర్ణయాలన్నీ మెజారిటీ మీదే. అధ్యక్షుడు జాఁ మొనే అయినా చేతిలో ఉన్నది ఒక్క ఓటే. ఉత్పత్తి సగటు విలువలో 1 శాతం వరకు లెవీ (బొగ్గు, ఉక్కు ఉత్పత్తి మీద రుసుము) వేయాలంటే సభ్యదేశాల మంత్రులుండే మంత్రుల మండలి అనుమతి అక్కర్లేకపోయింది. ఇక్కడిదాకా పేచీ లేదు.

చిక్కంతా ఒప్పందంలోని 58వ అధికరణంతోనే. గనుల దగ్గర అమ్ముడుపోని బొగ్గు గుట్టలుగా పేరుకున్నప్పుడు, 1959లో పాల్ ఫినే అధ్యక్షతన హై అథారిటీ 'స్పష్టమైన సంక్షోభం' ప్రకటించి ఉత్పత్తి కోటాలు పెట్టాలనుకుంది. దానికి మండలి సమ్మతి తప్పనిసరి. అంటే ఆరింట నాలుగు ఓట్లు, అందులో ఒకటి మొత్తం బొగ్గు, ఉక్కు విలువలో కనీసం 20 శాతం ఉత్పత్తి చేసే దేశానిది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ రెండూ కాదంటే కథ ముగిసినట్టే. అదే జరిగింది.

కానీ ఆ ఏడాది చివర్లోనే 37వ అధికరణం (ఒక సభ్యదేశ ఆర్థిక వ్యవస్థ తీవ్రంగా దెబ్బతినేటప్పటి చర్యలకు సంబంధించినది) కింద బెల్జియం బొగ్గు మార్కెట్‌ను మిగతా ఉమ్మడి మార్కెట్ నుంచి వేరుచేశారు. అక్కడ మండలిని సంప్రదిస్తే చాలు. మరి ఇదే దారిలో హై అథారిటీ తనంతట తానే ముందుకు వెళ్లగలిగేదా, లేక ముందు సభ్యదేశమే కదలాల్సి ఉండేదా? అధికరణంలోని పదాలను బట్టి రెండోదే అనిపిస్తోంది. దీన్ని తేల్చిన కోర్టు తీర్పు ఏదైనా ఉంటే చెప్పండి.