పాత ఎంఎక్స్-5: అన్నీ మార్చేశా, అయినా బండి లాగడం లేదు

పాతబండి పిచ్చోడు:
పొద్దున్నుంచి ఈ బండితో కుస్తీ పడుతున్నా, ఇక నా వల్ల కావట్లేదు. పాత మాజ్దా ఎంఎక్స్-5, లేచే హెడ్‌లైట్ల మోడల్. రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిపోయింది కాబట్టే నాకు చవగ్గా దొరికింది. స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో నిలబడుతుంది, కానీ తొక్కితే మాత్రం వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ అన్నీ మార్చా. టైమింగ్ కూడా పెట్టా. ఏమీ తేడా లేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర వేడి మాత్రం భరించలేనంత వస్తోంది. బడ్జెట్ దాదాపు అయిపోయింది, దయచేసి ఇంజన్ మార్చెయ్, బండి అమ్మెయ్ అనకండి. ఎక్కడ చూడాలో చెప్పండి చాలు.

10ఎంఎం సాకెట్:
ఏ సంవత్సరం? 1.6 ఆ 1.8 ఆ?

తుప్పు శత్రువు:
లాగడం సంగతి తర్వాత చూడొచ్చు తమ్ముడూ, ముందు సిల్స్, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు భాగాలు, చూశావా? ఈ బండ్లు ఇంజన్ వల్ల చచ్చేది తక్కువ, తుప్పు వల్ల చచ్చేది ఎక్కువ. సీట్ల వెనక, సాఫ్ట్ టాప్ మడతపడే చోట రెండు పక్కలా నీళ్ళు దిగిపోయే రంధ్రాలు ఉంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే వాన నీళ్ళు సిల్స్ లోపలికి పోయి అక్కడే నిలుస్తాయి. బయట పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. వెనక చక్రానికి ముందు, సిల్ చివర బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. మెత్తగా లోపలికి పోయిందంటే ఆ బండి మీద పెట్టే ప్రతి పైసా దండగే. రంధ్రాలు శుభ్రం చేసేటప్పుడు ఇనప తీగ మాత్రం దూర్చకు, లోపలి ప్లాస్టిక్ గొట్టానికి బొక్క పడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ ట్యూబ్ వాడు. ఇంకో మాట, బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కదా, దానికి గాలి బయటికి పోయే గొట్టం ఉన్న రకమే పెట్టాలి. మామూలు బ్యాటరీ పెడితే ఆ యాసిడ్ ఆవిరికి డిక్కీ రేకు తినేస్తుంది. అది కూడా చూసుకో.

పాతబండి పిచ్చోడు:
అన్నా, తుప్పు సంగతి తప్పకుండా చూస్తా, కానీ ఇప్పుడు నా గోల అది కాదు. 1990 మోడల్, 1.6. మాన్యువల్ గేర్లు.

మెల్లగా పోదాం:
ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉంటుంది. రెండున్నర లక్షలు తిరిగిన బండికి అదే మొదటి అనుమానం. ఎగ్జాస్ట్ బయటికి పోకపోతే వేడి వెనక్కి తంతుంది, బండి లాగదు. రెండు లక్షణాలూ సరిపోయాయి.

పాతబండి పిచ్చోడు:
అదే అనుకుని కన్వర్టర్ విప్పి లైటు వేసి చూశా బ్రో. అవతలి వైపు వెలుగు శుభ్రంగా కనిపిస్తోంది, లోపల ఏదీ విరిగి గలగలలాడటం లేదు.

10ఎంఎం సాకెట్:
1990 అన్నావు. ముందు కింద క్రాంక్ పుల్లీ మధ్యలో గాడులెన్నో లెక్కపెట్టు. నాలుగా, ఎనిమిదా?

పాతబండి పిచ్చోడు:
నాలుగు. ఎందుకు?

10ఎంఎం సాకెట్:
షార్ట్ నోస్ క్రాంక్.

పాతబండి పిచ్చోడు:
అంటే? కొంచెం వివరంగా చెప్పు బాబూ, టెన్షన్ పెట్టకు.

మెల్లగా పోదాం:
నేను చెప్తా. 1990, 91లో కొన్ని నెలల వరకు వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్‌కి, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకి, ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది. మధ్య బోల్టు వదులైతే పుల్లీని పట్టుకుని ఉండే కీ అనే చిన్న ఇనప ముక్క, దాని గాడి కొంచెం కొంచెంగా అరిగిపోతాయి. పుల్లీ ఊగడం మొదలవుతుంది, టైమింగ్ జారుతుంది, బండికి దమ్ము పోతుంది. 91 మధ్య నుంచి ముక్కు పొడవుగా చేశారు, ఎనిమిది గాడులుండేవి అవి. నాలుగు గాడులున్నంత మాత్రాన పోయినట్టే అని కాదు. ఆ బోల్టు ఎవరూ సరిగ్గా ముట్టుకోకపోతేనే ప్రమాదం. నువ్వు టైమింగ్ పెట్టానన్నావు కదా, అప్పుడు మధ్య బోల్టు విప్పావా?

పాతబండి పిచ్చోడు:
లేదు, టైమింగ్ బెల్టు నేను మార్చలేదు. ముందు ఓనర్ మార్పించాడట. నేను స్పార్క్ పడ్డప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటుతో పెట్టా.

మెల్లగా పోదాం:
ఆహా, అయితే నువ్వు పెట్టింది టైమింగ్ కాదు, ఇగ్నిషన్ అడ్వాన్స్. టైమింగ్ అంటే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌లనీ కలిపి తిప్పే బెల్టు, క్యామ్ పుల్లీల మీది ఐ (I), ఈ (E) అనే అక్షరాల గుర్తులు వెనక ప్లేటు గుర్తులతో కలవడం. ఆ తేడా ముందే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు.

రింగ్ స్పానర్:
స్పార్క్ ఎప్పుడు పడాలో సరిచేయడాన్ని టైమింగ్ పెట్టడం అనే అంటారు మెకానిక్‌లందరూ, టైమింగ్ లైటు అని దానికి పేరు ఊరికే రాలేదు. ఇక్కడ వ్యాకరణం పాఠం ఎవరూ అడగలేదు.

మెల్లగా పోదాం:
పాఠం కాదండీ. ఆ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే సగం మంది బెల్టు ఒక పన్ను అటూ ఇటూ ఉంటే లైటు పట్టుకుని దాన్ని సరిచేస్తారు. మీరు చూడలేదా అలాంటివి?

రింగ్ స్పానర్:
చాలా చూశాను. 1.6లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి వాళ్ళు బతికి బయటపడతారు. ఆ సంగతి పక్కన పెట్టండి. పిచ్చోడు గారూ, ఒక్కటి చెప్పండి. అసలు టైమింగ్ ఎందుకు ముట్టుకోవాల్సి వచ్చింది? దానంతట అది మారదు కదా.

పాతబండి పిచ్చోడు:
స్పార్క్ ఎప్పుడు పడాలో కంప్యూటర్‌కి తెలిపే క్యామ్ యాంగిల్ సెన్సర్ హెడ్ వెనక ఉంటుంది కదా, దాని దగ్గర ఆయిల్ కారుతోంది, ఆ రబ్బరు ఓ-రింగ్ మార్చడానికి సెన్సర్ బయటికి తీశా. అది చిన్న పనే కదా, ఒక్క బోల్టు. చెయ్యి మాత్రం ఫైర్‌వాల్‌కి గీసుకుపోయి రక్తం వచ్చింది. మళ్ళీ పెట్టేటప్పుడు లైటుతో చూసి, పిస్టన్ పైకి చేరడానికి 10 డిగ్రీల ముందు స్పార్క్ పడేలా సరిగ్గా పెట్టా. మాన్యువల్‌లో అంతే ఉంది.

రింగ్ స్పానర్:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సిన ముక్క. తీసే ముందు సెన్సర్ మీద గీత పెట్టుకున్నారా?

పాతబండి పిచ్చోడు:
లేదు. లైటు ఉంది కదా అని.

రింగ్ స్పానర్:
బండి లాగకపోవడం దాని తర్వాతే మొదలైందా, ముందు నుంచీ ఉందా?

పాతబండి పిచ్చోడు:
తర్వాతే. కానీ 10 డిగ్రీలకు కరెక్టుగా ఉంది, ఎన్నిసార్లు చూసినా అంతే.

10ఎంఎం సాకెట్:
జంపర్ పెట్టావా?

పాతబండి పిచ్చోడు:
ఏ జంపర్?

10ఎంఎం సాకెట్:
అదీ సంగతి.

రింగ్ స్పానర్:
వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది చాలామంది పొరపడే చోటు. బానెట్ కింద చిన్న నల్ల డబ్బా ఒకటి ఉంటుంది, మూత మీద డయాగ్నసిస్ అని రాసి ఉంటుంది. మూత లోపలి వైపు ఏ పిన్ను ఏదో బొమ్మ వేసి ఉంటుంది. అందులో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలపాలి, జంపర్ అంటే అదే. అలా కలిపితేనే కంప్యూటర్ స్పార్క్‌ని తన ఇష్టం వచ్చినట్టు జరపడం ఆపుతుంది, అప్పుడు కనిపించేదే అసలు బేస్ టైమింగ్. అది కలపకుండా లైటు వేస్తే కంప్యూటర్ ఐడిల్ నిలబెట్టడానికి తానే స్పార్క్‌ని ముందుకు జరిపి ఉంచుతుంది. మీరు ఆ జరిపిన దాన్ని తీసుకొచ్చి 10 దగ్గర పెట్టారు. అంటే బేస్ దాదాపు సున్నా దగ్గరికి పోయి ఉంటుంది. స్పార్క్ ఆలస్యంగా పడితే పెట్రోలు మండటమూ ఆలస్యమై, ఆ వేడి చాలావరకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి పోతుంది. మీకు వేడి అందుకే, లాగకపోవడం అందుకే. కొత్త ప్లగ్గులు, వైర్లు వేసి డబ్బులు తగలేసుకున్నారు గానీ అవి బాగానే ఉండి ఉంటాయి.

చేసే పద్ధతి: ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ ఏదీ నడవకూడదు, ఫ్యాన్ తిరుగుతుంటే ఆగేదాకా ఆగండి. జంపర్ పెట్టాక ఐడిల్ 850 ఆర్‌పీఎం దగ్గర ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే థ్రాటిల్ బాడీ మీది స్క్రూతో సరిచేసుకోండి. లైటు క్లిప్ ఒకటో నంబర్ ప్లగ్ వైరుకు. తర్వాత సెన్సర్ బోల్టు కొద్దిగా వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పి చూడండి. పుల్లీ అంచు మీది టైమింగ్ గాడి ఎటు పోతుందో కనిపిస్తుంది. 10 దగ్గర నిలిపి బోల్టు బిగించి, మళ్ళీ ఒకసారి లైటు వేయండి. బిగించేటప్పుడు జరుగుతుంది అది. జంపర్ తీయడం మరవకండి.

టర్బో కలలు:
14 దగ్గర పెట్టు గురూ, అందరూ అదే చేస్తారు. కింది నుంచే బాగా లాగుతుంది, పైసా ఖర్చు లేదు.

రింగ్ స్పానర్:
మంచి ఆక్టేన్ పెట్రోలు పోసేవాళ్ళకు అది సరే. మామూలు పెట్రోలుతో, ఇన్ని కిలోమీటర్లు తిరిగి కార్బన్ పట్టిన ఇంజన్‌లో 14 పెడితే నాకింగ్, అంటే ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం, వస్తుంది. ముందు 10కి రానివ్వండి.

టర్బో కలలు:
నాది రెండు లక్షలు దాటింది, నాకేం రాలేదు.

10ఎంఎం సాకెట్:
రేడియో ఆపి విన్నావా?

తుప్పు శత్రువు:
ఇంతకీ ఎవరూ ఆ సిల్స్ సంగతి అడగరేంటి. జాకీ పెట్టే చోట అంచులు వంగిపోయాయేమో కూడా చూడు తమ్ముడూ, అక్కడ పెయింట్ లేచిపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇంజన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రేకు మార్చడం అలా కాదు.

పాతబండి పిచ్చోడు:
జంపర్ పెట్టి చూశా. గాడి వణక్కుండా ఒక్క చోట నిలబడింది, సరిగ్గా టీ గుర్తు మీద. అంటే సున్నా. 10కి తెచ్చా. మనిషి మారినట్టు మారింది బండి, మూడో గేర్‌లో కూడా తొక్కగానే అందుకుంటోంది. థాంక్స్ అందరికీ.

రింగ్ స్పానర్:
మంచిది. గాడి వణకలేదు అంటే పుల్లీ కూడా ప్రస్తుతానికి బాగున్నట్టే. ఐనా ఐడిల్‌లో పక్కనుంచి వంగి చూసి పుల్లీ అంచు తిన్నగా తిరుగుతోందో లేదో చూసుకోండి. ముందు ఓనర్ బెల్టు మార్చినప్పుడు మధ్య బోల్టు ఎలా బిగించాడో మనకి తెలియదు. కొన్నాళ్ళ తర్వాత ఇంకోసారి జంపర్ పెట్టి లైటు వేయండి. టైమింగ్ దానంతట అది జరిగి ఉంటే మాత్రం కారణం అక్కడే ఉంటుంది.

మెల్లగా పోదాం:
ఇగ్నిషన్ టైమింగ్.

రింగ్ స్పానర్:
సరే.

10ఎంఎం సాకెట్:
ఆయిల్ కారడం ఆగిందా?

పాతబండి పిచ్చోడు:
ఆ మాట అడక్కు. కొంచెం తగ్గింది.

10ఎంఎం సాకెట్:
వాల్వ్ కవర్ గాస్కెట్ వెనక మూల చూడు. అక్కడ నుంచి కూడా సెన్సర్ మీదికే కారుతుంది.

తుప్పు శత్రువు:
రంధ్రాల ఫొటో పెట్టు తమ్ముడూ, ఎదురుచూస్తున్నా.