ఫెలోషిప్ ర్యాంక్ లిస్ట్‌లో మొదట ఎవరిని పెట్టాలి?

స్వప్న: అందరికీ నమస్తే. ఒహాయోలో న్యూరాలజీ రెసిడెన్సీ చేస్తున్నా, మూడో ఏడాది (పీజీవై-3), శిక్షణకి వచ్చే డాక్టర్లకిచ్చే జే-1 వీసా. స్ట్రోక్ ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాతి ప్రత్యేక శిక్షణ) ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఇక మ్యాచ్‌కి ర్యాంక్ లిస్ట్ పెట్టాలి, అంటే మేము ప్రోగ్రాముల్నీ, అవి మమ్మల్నీ వరసలో పెడితే కంప్యూటర్ సీట్లు కలుపుతుంది. బాగా నచ్చిన ప్రోగ్రామ్‌కి పోటీ ఎక్కువ. ఇంకోచోట డైరెక్టర్ "మమ్మల్ని ఎన్నో నంబర్లో పెడుతున్నారు?" అని మెయిల్ పెట్టారు. ఆశకి పోయి పెద్దదాన్ని మొదట పెడితే ఇదీ చేజారుతుందేమోనని టెన్షన్. దీన్నే ఫస్ట్ పెట్టేయనా?

రవికిరణ్: వద్దమ్మా. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టావో గుర్తుందిగా, ఇదీ అంతే: ఇష్టమైన వరసలో పెట్టుకుంటూ పోవడమే. తేడా ఏంటంటే, అక్కడ అందరికీ ఒకటే ర్యాంకుల జాబితా. ఇక్కడ ప్రతి ప్రోగ్రామ్‌కీ సొంత జాబితా ఉంటుంది.

నువ్వు పెద్దదాన్ని 1, డైరెక్టర్‌ గారిది 2 పెట్టావనుకో. 1లో సీటు రాలేదు. అప్పుడు నీ పేరు 2కి వెళ్తుంది. ఈలోగా అక్కడ ఎవరినో కూర్చోబెట్టినా, అది తాత్కాలికమే. వాళ్ల లిస్ట్‌లో నువ్వు అతనికన్నా పైన ఉంటే కంప్యూటర్ అతన్ని లేపి ఆ సీటు నీకిస్తుంది. రెండోదిగా పెట్టినందుకు నీకు పైసా నష్టం లేదు. గేల్, షాప్లే అనే గణిత శాస్త్రవేత్తలు 1962లో రాసిన లెక్క ఇది. దీన్ని అభ్యర్థుల వైపు నుంచి నడిచేలా మార్చినవాళ్లలో ఒకరైన ఆర్థికవేత్త ఆల్విన్ రాత్‌కీ, షాప్లేకీ 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

లక్ష్మి: రవికిరణ్ గారు చెప్పింది మ్యాచ్‌లో ఉన్న ప్రోగ్రాములకే. న్యూరాలజీలో అన్ని ఫెలోషిప్‌లూ ఒకే గొడుగు కింద లేవు. మ్యాచ్ నడిపే సంస్థలే వేరు: కొన్ని ఎన్ఆర్ఎంపీలో, కొన్ని ఎస్ఎఫ్ మ్యాచ్‌లో ఉంటాయి, కొన్ని మ్యాచ్ లేకుండా నేరుగా ఆఫర్ ఇచ్చేస్తాయి. నేరుగా ఇచ్చేవాళ్లు గడువు పెడితే లిస్ట్ లాజిక్ పనికిరాదు.

నన్నడిగితే అసలు చూసుకోవాల్సింది వీసా. జే-1కి మొత్తం ఏడేళ్లే. రెసిడెన్సీకి నాలుగు, స్ట్రోక్‌కి ఒకటి. ఆ తర్వాత న్యూరోక్రిటికల్ కేర్ (న్యూరాలజీ ఐసీయూ వైద్యం) రెండేళ్లు కూడా అనుకుంటే సరిగ్గా ఏడు, ఇక ఊపిరాడదు. ఫెలోషిప్‌కి ఢిల్లీ ఆరోగ్యశాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ స్పెషాలిటీ డాక్టర్లు దేశానికి అవసరమనే లేఖ) మళ్లీ కొత్తగా తెచ్చుకోవాలి, రెసిడెన్సీప్పటిది చెల్లదు. మ్యాచ్ అయ్యాక చూద్దాంలే అనుకోకండి. వేవర్ (శిక్షణయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం నుంచి మినహాయింపు) ఉద్యోగం కూడా ఫెలోషిప్ తర్వాతే. వేవర్ వచ్చాక మళ్లీ జే-1 మీద చదవనివ్వరు.

స్వప్న: థాంక్యూ అక్కా. ఇంతకీ ఆ మెయిల్‌కి ఏం రాయను? నా ప్రోగ్రాములన్నీ ఎన్ఆర్ఎంపీలోనే ఉన్నాయి.

లక్ష్మి: అయితే ఆయన ఆ ప్రశ్న అడగడమే నిబంధనలకి విరుద్ధం. నువ్వు చెప్పాల్సిన పని లేదు. "మీ ప్రోగ్రామ్ నచ్చింది, ఇంటర్వ్యూకి పిలిచినందుకు కృతజ్ఞతలు" అని రెండు ముక్కలు రాసి ఊరుకో. ఫస్ట్ పెడుతున్నానని మాత్రం అబద్ధం రాయకు, ఈ ఫీల్డ్‌లో అందరూ అందరికీ తెలుసు.

రవికిరణ్: లిస్ట్ మార్చిన ప్రతిసారీ మళ్లీ సర్టిఫై (ఖరారు) చెయ్యి. సేవ్ చేసి వదిలేస్తే లెక్కలోకి రాదు.